పేపర్ పంపే ముందు: శ్రీకాకుళం, విజయనగరం పరిశోధకులకు ప్రచురణ నీతి మార్గదర్శి

ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో చేరిన పరిశోధక విద్యార్థికైనా, విజయనగరంలోనో టెక్కలిలోనో పాఠాలు చెప్పుకుంటూ పదోన్నతి కోసం పేపర్లు రాస్తున్న అధ్యాపకుడికైనా ప్రచురణ నీతి గురించి ఎంతో కొంత తెలియకుండా ఉండదు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2019 డిసెంబరులో పరిశోధన, ప్రచురణ నీతిపై 2 క్రెడిట్ల కోర్సును పీహెచ్‌డీ విద్యార్థులందరికీ తప్పనిసరి చేసింది కాబట్టి, కోర్సువర్కు పరీక్షలో ఈ ప్రశ్నలకు జవాబులు రాసి గట్టెక్కినవారే ఇప్పుడు ఎక్కువ. అయినా పొరపాట్లు జరుగుతూనే ఉన్నాయి. నేను గమనించినంతలో వాటిలో అధికభాగం దురుద్దేశంతో పుట్టినవి కావు. పని మొదలుపెట్టినప్పుడే తేల్చుకొని కాగితం మీద పెట్టాల్సిన సంగతిని సినాప్సిస్ (థీసిస్ సారాంశం) గడువు ముంచుకొచ్చేదాకా వాయిదా వేయడం వల్ల పుట్టినవి. అందువల్ల ఇక్కడ ఏది తప్పో చెప్పడం కంటే, ఏ నిర్ణయం ఎప్పుడు తీసుకోవాలో చెప్పడానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

ముందుగా తొందర సంగతి. థీసిస్ సమర్పించాలంటే పేపర్ అచ్చు కావాల్సిందేనన్న భయంతో చాలామంది దొరికిన జర్నల్‌కు డబ్బు కట్టేస్తున్నారు. 2016 నాటి యూజీసీ నిబంధనల్లో ఆ షరతు ఉన్న మాట నిజమే కానీ, 2022 నవంబరులో వచ్చిన పీహెచ్‌డీ నిబంధనలు దానిని తొలగించాయి. విశ్వవిద్యాలయాలు తమంతట తాము ఆ షరతును కొనసాగించవచ్చు. కనుక సీనియర్ చెప్పిన మాటను పట్టుకొని కూర్చోకుండా, మీరు చేరిన సంవత్సరానికి వర్తించే నిబంధనల ప్రతిని పరిశోధన విభాగం నుంచి తీసుకొని స్వయంగా చదవండి.

ఎవరి పేరు ఎక్కడ

పేపర్ మీద పేర్ల విషయంలో వచ్చినన్ని తగవులు మరే విషయంలోనూ రావు. అందుకే దీనిని మొదటి అక్షరం రాయకముందే తేల్చుకోవాలి. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ రచయిత అనిపించుకోవడానికి నాలుగు షరతులు పెట్టింది. పరిశోధన ఆలోచనలోనో రూపకల్పనలోనో, డేటా సేకరణలోనో విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ పాత్ర ఉండాలి. వ్యాసం రాయడంలో గానీ, విషయపరంగా దానిని సరిదిద్దడంలో గానీ పాల్గొని ఉండాలి. అచ్చుకు వెళ్లే చివరి ప్రతిని చూసి సమ్మతించాలి. అందులోని అంశాలకు జవాబుదారీగా ఉంటానని ఒప్పుకోవాలి. ఈ నాలుగూ కలిసి ఉన్నప్పుడే పేరు రచయితల వరుసలోకి వస్తుంది. ఇవి వైద్య పత్రికల కోసం రాసినవైనా, ఇతర శాస్త్రాల జర్నళ్లలో కూడా చాలావరకు ఇదే కొలతను వాడుతున్నారు.

ఈ కొలతతో చూస్తే, విభాగాధిపతి అయినందుకో, ప్రయోగశాల తాళం ఇచ్చినందుకో, ఫీజు కట్టినందుకో ఎవరి పేరూ చేర్చనక్కర్లేదు. గైడ్ సంగతి కొంచెం వేరు. పరిశోధన ప్రశ్నను రూపుదిద్ది, చిత్తుప్రతిని గీతలు కొట్టి తిరిగి ఇచ్చిన గైడ్ నిస్సందేహంగా సహరచయితే. కానీ గైడ్ అన్న హోదా ఒక్కటే ఆ హక్కు ఇవ్వదు. రెండో వైపు కూడా చూడాలి. మందస, మెళియాపుట్టి మండలాల్లోని సవర గూడల్లో మీరు ఇంటర్వ్యూలు చేస్తున్నారనుకుందాం. సవర భాష తెలిసిన స్థానిక యువకుడు మీ ప్రశ్నలను ఆ భాషలో అడిగి, జవాబులను తెలుగులో చెప్పి, రికార్డింగులు విని రాసిపెట్టాడు. అతను ప్రశ్నలను ఉన్నవి ఉన్నట్టు అడిగి ఊరుకుంటే కృతజ్ఞతల్లో పేరు సరిపోతుంది. అలా కాకుండా, ఈ ప్రశ్న ఇక్కడివాళ్లకు అర్థం కాదని చెప్పి ప్రశ్నావళినే మార్పించి, జవాబుల అర్థాన్ని నిర్ణయించడంలో మీతో పాటు కూర్చుని ఉంటే, అతనిని చిత్తుప్రతి చదవమని పిలవాలి. మొదటి షరతు నెరవేర్చినవారికి మిగతా మూడింటిలోనూ పాల్గొనే అవకాశం ఇవ్వాలని ఆ కమిటీయే చెబుతోంది. అతనికి డిగ్రీ లేదన్నది లెక్కలోకి రాదు.

పెద్దలతో ఈ మాట ఎత్తడం మనవాళ్లకు ఇబ్బందే. అందుకు తేలిక మార్గం జర్నల్‌ను అడ్డం పెట్టుకోవడం: "మేడమ్, ఎవరు ఏ పని చేశారో జర్నల్‌వాళ్లు విడిగా రాసిమ్మంటున్నారండీ, ఇప్పుడే ఒక కాగితం మీద పెట్టుకుంటే తర్వాత వెతుక్కోనక్కర్లేదు" అంటే కాదనేవారు అరుదు. అది అబద్ధమూ కాదు. పని పంపకాన్ని 14 రకాల పాత్రలుగా విడదీసి నింపమనే పద్ధతి చాలా జర్నళ్లలో ఉంది. ఆ కాగితం మీద పేపర్ తాత్కాలిక శీర్షిక, పేర్ల వరుస, ప్రతి పేరు ఎదుట చేయాల్సిన పని, ఎవరైనా తమ పని పూర్తిచేయకపోతే వరుస ఎలా మారుతుందన్న ఒక వాక్యం, తేదీ, అందరి సంతకాలు ఉంటే చాలు. ఫోనులో ఫొటో తీసి అందరికీ పంపండి. పేపర్ పంపిన తర్వాత పేరు చేర్చాలన్నా తీసేయాలన్నా జర్నల్ సాధారణంగా రచయితలందరి రాతపూర్వక సమ్మతి అడుగుతుంది. తగవు ముదిరితే సంపాదకుడు తీర్పు చెప్పడు, మీ సంస్థనే తేల్చుకోమని తిప్పి పంపుతాడు. ఆనాడు మీ చేతిలో ఉండే ఆధారం ఈ కాగితమే.

జర్నల్‌ను ఎంచుకోవడం

కొన్నేళ్లపాటు మన దగ్గర దీనికి ఒకటే జవాబు ఉండేది: యూజీసీ ఆమోదించిన జర్నళ్ల జాబితా అయిన యూజీసీ కేర్‌లో ఉందా లేదా. 2019లో అందుబాటులోకి వచ్చిన ఆ జాబితాను యూజీసీ 2025 ఫిబ్రవరిలో నిలిపివేసి, జర్నల్ నాణ్యతను అంచనా వేసే సూచనలను మాత్రం ఇచ్చి, నిర్ణయాన్ని విద్యాసంస్థలకే వదిలింది. దీనివల్ల బాధ్యత నేరుగా పరిశోధకుడి మీద పడింది. ఇప్పటికీ "కేర్ లిస్టెడ్" అని ముఖచిత్రం మీద వేసుకొని ఆహ్వానాలు పంపే జర్నల్ కనిపిస్తే, ఆ ఒక్క కారణం చాలు అనుమానించడానికి.

డబ్బు కోసమే నడిచే జర్నళ్లను అమెరికా గ్రంథాలయాధికారి జెఫ్రీ బీల్ జాబితాలుగా పెట్టి వెలుగులోకి తెచ్చాడు. 2013లో జాన్ బొహానన్ అనే విలేఖరి కావాలనే ఘోరమైన లోపాలతో ఒక నకిలీ పరిశోధన వ్యాసం తయారుచేసి 304 జర్నళ్లకు పంపితే, 157 జర్నళ్లు దానిని అంగీకరించాయి. ఇదేదో దూరదేశపు వ్యవహారం అనుకోవద్దు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేయగా, 2019లో అక్కడి న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పునిచ్చింది. సమీక్ష (అదే రంగం నిపుణులు వ్యాసాన్ని చదివి మంచిచెడ్డలు తేల్చడం) సక్రమంగా జరుపుతున్నామని చెప్పి జరపకపోవడం, ఫీజు సంగతి ముందు దాచడం ఆ కేసులోని ముఖ్యమైన ఆరోపణలు.

మీకు వచ్చే ఈమెయిల్‌ను ఈ దృష్టితో చదవండి. "గౌరవనీయ ప్రొఫెసర్ గారూ" అని మొదటి సంవత్సరం స్కాలర్‌ను సంబోధిస్తుంది. చరిత్ర, వాణిజ్యం, వృక్షశాస్త్రం, ఇంజినీరింగ్ అన్నీ ఒకే సంచికలో తీసుకుంటామంటుంది. మూడు రోజుల్లో సమీక్ష, వారంలో ప్రచురణ, ఆపైన సర్టిఫికెట్ అంటుంది. చివర యూపీఐ నంబరు ఉంటుంది. నిజమైన సమీక్షకు వారాలు, తరచుగా నెలలు పడతాయి. ఇద్దరు ఆచార్యులు తమ పనులు మానుకొని మూడు రోజుల్లో మీ పేపర్ చదివి అభిప్రాయం రాస్తారని నమ్మడానికి మనకు విశ్వవిద్యాలయాలు తెలియకపోవాలి.

జర్నల్‌కు ఐఎస్ఎస్ఎన్ అనే గుర్తింపు సంఖ్య ఉందన్న ధీమా వద్దు. అది బండికి నంబరు ప్లేటు లాంటిది. నడిపేవాడికి లైసెన్సు ఉందో లేదో దానివల్ల తెలియదు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ వ్యాసాలను ఇతరులు ఎంతగా ఉటంకించారో చూపే అంకె) అన్న మాట కనిపిస్తే, దానిని లెక్కగట్టింది క్లారివేట్ సంస్థా, లేక దానికి దగ్గరగా వినిపించే పేరు పెట్టుకున్న మరో సంస్థా అని చూడండి. పరిశోధన జర్నళ్ల డేటాబేస్ అయిన స్కోపస్‌లో ఉన్నామంటే జర్నల్ సైటులోని బొమ్మను నమ్మకుండా, స్కోపస్ సొంత సోర్స్ జాబితాలో ఐఎస్ఎస్ఎన్‌తో వెతికి, ఏ సంవత్సరం వరకు చేర్చారో చూడండి. నాణ్యత లేదని మధ్యలో తీసేసిన జర్నళ్లూ ఉంటాయి. పేరున్న జర్నల్‌కు నకలుగా దొంగ వెబ్‌సైటు పెట్టి పేపర్లు తీసుకునేవారు కూడా ఉన్నారు కనుక, సైటు చిరునామాను ఐఎస్ఎస్ఎన్ పోర్టల్‌లోని వివరాలతో పోల్చండి. ఆ తర్వాత పాత సంచికలోని రెండు వ్యాసాలు తెరిచి మొత్తం చదవండి. డీఓఐ (వ్యాసానికి ఇంటర్నెట్‌లో ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఇచ్చి ఉంటే దానిని నొక్కి, అదే వ్యాసం తెరుచుకుంటుందో లేదో చూడండి. సంపాదకవర్గంలో మీకు తెలిసిన విశ్వవిద్యాలయం ఆచార్యుల పేరుంటే, ఆ విశ్వవిద్యాలయం సైటులో ఉన్న ఈమెయిల్‌కు రెండు వాక్యాల ఉత్తరం రాసి, ఆ జర్నల్‌తో సంబంధం ఉందా అని మర్యాదగా అడగండి. ఇంతమాత్రం చేసేవారు బహు తక్కువ, కానీ దీనంత గట్టి పరీక్ష మరొకటి లేదు.

ఫీజు అడగడమే నేరం కాదు. అందరికీ ఉచితంగా చదవడానికి అందించే మంచి జర్నళ్లు కూడా ప్రచురణ రుసుము తీసుకుంటాయి. అయితే ఎంతో, ఎప్పుడో, ఎవరికి మినహాయింపో సైటులో ముందే రాసి ఉంటుంది, సమీక్ష ఫలితానికి దానితో సంబంధం ఉండదు. అలాగే తెలుగులో వచ్చే సాహిత్య, చరిత్ర పత్రికల్లో కొన్నింటికి మెరిసే వెబ్‌సైటు ఉండదు, స్కోపస్ వంటి జాబితాల్లో చోటు (ఇండెక్సింగ్) ఉండదు; కానీ సంపాదకుడు ప్రతి వ్యాసాన్నీ చదివి, శాసనం సంఖ్య తప్పితే ఫోను చేసి అడుగుతాడు. నా లెక్కలో అలాంటి పత్రిక గొప్పదే. పదోన్నతి పాయింట్లకు అది పనికొస్తుందో లేదో అన్నది వేరే ప్రశ్న. దానిని మీ సంస్థ కమిటీని ముందే అడిగి తెలుసుకోండి.

మనుషుల మీద పరిశోధన చేసేటప్పుడు

ఉద్దానం కిడ్నీ వ్యాధి మూలంగా కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల ప్రజలకు పరిశోధకులు కొత్తకాదు. రక్తం, మూత్రం, బావినీళ్ల నమూనాలు ఇచ్చి ఇచ్చి అలసిన ఊళ్లవి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాక అక్కడ అధ్యయనాలు మరింత పెరగడం సహజం. ఇటువంటి చోట ఎథిక్స్ కమిటీ అనుమతి డేటా సేకరణకు ముందు తీసుకోవాలి; సేకరణ అయిపోయాక జర్నల్ అడిగిందని వెనక తేదీతో అనుమతి సంపాదించడం నేరుగా మోసమే. భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన జాతీయ నైతిక మార్గదర్శకాలు దీనికి ఆధారం. క్లినికల్ ట్రయల్ అయితే మొదటి రోగిని చేర్చుకోకముందే జాతీయ రిజిస్ట్రీలో నమోదు కూడా చేయాలి.

సమ్మతి పత్రం తెలుగులో ఉంటే సరిపోదు, చదివి వినిపిస్తే అర్థమయ్యే తెలుగులో ఉండాలి. "ఈ అధ్యయనంలో స్వచ్ఛందంగా భాగస్వామ్యం వహించుటకు సమ్మతించుచున్నాను" అన్న వాక్యం కింద వేలిముద్ర వేయించుకోవడం వల్ల కాగితం నిండుతుంది గానీ సమ్మతి కాదు. దానికి బదులు ఇలా రాయవచ్చు: "మీ చేతి నుంచి ఒక చెంచా రక్తం తీసుకుంటాం. దానితో కిడ్నీ పనితీరు చూస్తాం. మీకు ఇష్టం లేకపోతే ఇవ్వనక్కర్లేదు. ఇవ్వకపోయినా ఆసుపత్రిలో మీకు జరిగే వైద్యం ఆగదు. మధ్యలో వద్దనుకున్నా మానుకోవచ్చు." చదవలేనివారి విషయంలో మీ బృందానికి చెందని సాక్షి ఒకరు దగ్గరుండి, సంతకం చేయాలి. పరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరును సూచించే రక్తంలోని పదార్థం) ఎక్కువగా కనిపించిన మనిషికి ఆ సంగతి ఎవరు, ఎన్నాళ్లలో చెబుతారో పరిశోధన ప్రణాళికలోనే రాసుకోండి. ఆ ఫలితం జర్నల్ పట్టికలోకి ఎక్కి, ఇచ్చినవాడికి చేరకపోవడం కన్నా అన్యాయం లేదు.

పేరు రాయకపోతే గోప్యత కాపాడినట్టే అని అనుకోవద్దు. చిన్న ఊరి పేరు, వయసు, వృత్తి, డయాలసిస్ మొదలైన నెల కలిపి రాస్తే ఆ ఊళ్లో ఎవరైనా గుర్తుపడతారు. దీనికి విరుద్ధమైన సందర్భమూ ఉంది. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకి, సన్నని నూలు వడికే మహిళల గురించి రాస్తూ, వారిని "సమాచారదాత 1", "సమాచారదాత 2" అని పిలిస్తే, జీవితమంతా సాధించిన నైపుణ్యానికి వారి పేరు లేకుండా చేసినవారమవుతాం. వ్యాధి గురించి అయితే పేరు దాచాలి. నైపుణ్యం గురించి అయితే పేరు వేయమంటారా అని అడగాలి. ఫొటో విషయంలో అచ్చు ప్రతికీ, ఇంటర్నెట్‌లో శాశ్వతంగా ఉండటానికీ విడివిడిగా అనుమతి తీసుకోండి.

నకలు, సిమిలారిటీ రిపోర్టు

యూజీసీ 2018 నిబంధనలు ఇతర రచనలతో 10 శాతం వరకు పోలికకు (సాఫ్ట్‌వేర్ ఇచ్చే సిమిలారిటీ రిపోర్టు చూపే అంకె ఇదే) శిక్ష లేదన్నాయి. 10 దాటి 40 శాతం వరకు ఉంటే థీసిస్‌ను సరిదిద్ది ఆరు నెలల్లోపు మళ్లీ సమర్పించాలి. 40 దాటి 60 వరకు ఉంటే ఏడాదిపాటు సమర్పించనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. అచ్చైన పేపర్ల విషయంలో అధ్యాపకులకు ఇంక్రిమెంట్లు ఆగడం, కొత్త విద్యార్థులకు గైడ్‌గా ఉండే హక్కు కొన్నేళ్లు పోవడం వంటి శిక్షలున్నాయి. ఈ అంకెలు అందరికీ నోటికొచ్చు. అందరూ మరిచేది అదే నిబంధనల్లోని మరో మాట: సారాంశం, పరికల్పన, పరిశీలనలు, ఫలితాలు, నిర్ధారణలలో అసలు పోలికే ఉండకూడదు, వరుసగా 14 పదాల వరకు యాదృచ్ఛికంగా కలిసే సాధారణ పదాలకు మాత్రమే మినహాయింపు. కాబట్టి 9 శాతం వచ్చిందని ఊపిరి పీల్చుకునే ముందు, ఆ 9 శాతం ఏ పేజీల్లో ఉందో చూడండి.

తెలుగులో రాసేవారికి సాఫ్ట్‌వేర్ ఇచ్చే అంకె మీద ఆధారపడే వీలు మరీ తక్కువ. పాత పుస్తకాలు, పత్రికల సంచికలు చాలావరకు వెతకదగిన రూపంలో ఇంటర్నెట్‌లో లేవు. ఇంగ్లీషు వ్యాసాన్ని అనువదించి సొంతమన్నట్టు పెడితే అంకె సున్నా చూపించవచ్చు. సున్నా చూపించినా అది చౌర్యమే, వైవాలో పరీక్షకుడు ఆ మూల వ్యాసం చదివినవాడైతే దాచుకునే దారి ఉండదు. నోట్సు రాసుకునేటప్పుడే మూలంలోని మాటలను కొటేషన్ గుర్తుల్లో, పేజీ సంఖ్యతో రాసుకోవడం, మీ మాటలను వేరే రంగు సిరాతో రాసుకోవడం దీనికి ఉన్న నమ్మకమైన ఉపాయం. ఆరు నెలల తర్వాత ఏ వాక్యం ఎవరిదో గుర్తుంచుకోగల జ్ఞాపకశక్తి ఎవరికీ లేదు.

చరిత్ర విద్యార్థులకు ఒక ప్రత్యేక హెచ్చరిక. శ్రీముఖలింగం, శ్రీకూర్మం ఆలయ శాసనాలను ఉటంకించేటప్పుడు, మీరు చూసింది ఎవరో రాసిన పుస్తకంలోని ఉల్లేఖనే అయితే, అధస్సూచికలో ఆ పుస్తకం ద్వారా అని స్పష్టంగా రాయండి. మూల శాసన సంపుటం పేరు, సంఖ్య నేరుగా వేసుకోవడం చూడనిదాన్ని చూశానని చెప్పడమే. ముందరి రచయిత సంఖ్య తప్పు రాసి ఉంటే ఆ తప్పే మీ పేపర్‌లోకి దిగి, మీరు మూలం చూడలేదని చాటుతుంది.

మీ సొంత పాత వ్యాసంలోని పేరాలను చెప్పకుండా మళ్లీ వాడటం కూడా ఉల్లంఘనే. 2020 ఏప్రిల్‌లో యూజీసీ దీనిపై ప్రత్యేకంగా నోటీసు ఇచ్చింది. థీసిస్ అధ్యాయాన్ని పేపర్‌గా మార్చడాన్ని చాలా జర్నళ్లు అనుమతిస్తాయి, అయితే ఆ మాట కవరింగ్ లెటర్‌లో చెప్పాలి. ఇక చాట్‌జీపీటీ వంటి ఉపకరణాలను రచయితగా చూపకూడదని ప్రచురణ నీతి కమిటీ అయిన కోప్ 2023లో తేల్చింది. వాడితే ఏ ఉపకరణాన్ని దేనికి వాడారో రాయాలి. వాక్యాలు సరిదిద్దించుకోవడం ఒక ఎత్తు, రెఫరెన్సులు అడగడం మరొక ఎత్తు. లేని పుస్తకాలకు ఉన్నట్టే పేరు, సంవత్సరం, పేజీలు కల్పించి ఇవ్వడం వాటికి అలవాటు. మీరు తెరిచి చదవని ఏ రెఫరెన్సూ జాబితాలో ఉండకూడదు.

పంపిన తర్వాత

ఒక పేపర్‌ను ఒకేసారి ఒకే జర్నల్‌కు పంపాలి. అక్కడ తిరస్కరించాకో, మీరు రాతపూర్వకంగా వెనక్కి తీసుకున్నాకో మరోచోటికి పంపాలి. ఒక సర్వేను ముక్కలు చేసి మగవారిపై ఒకటి, ఆడవారిపై ఒకటిగా రెండు పేపర్లు వేయడం లెక్క పెంచుతుందే గానీ విషయం పెంచదు. సమీక్షకుల పేర్లు సూచించమంటే స్నేహితుల పేర్లో, సొంతంగా సృష్టించిన ఈమెయిల్ చిరునామాలో ఇవ్వవద్దు; ఇలాంటి నకిలీ సమీక్షలు బయటపడి వెనక్కి తీసుకున్న వ్యాసాలు ఎన్నో ఉన్నాయి. మీకే సమీక్షకు పేపర్ వస్తే, దానిని ఇతరులకు చూపడం గానీ, ఏఐ ఉపకరణంలోకి ఎక్కించడం గానీ చేయకూడదు.

మోసపూరిత జర్నల్‌కు పొరపాటున పంపేశారని తెలిస్తే వెంటనే, డబ్బు కట్టకముందే, ఉపసంహరిస్తున్నానని ఈమెయిల్ రాసి ప్రతి దాచుకోండి. కాపీరైట్ బదిలీ పత్రం మీద సంతకం చేయవద్దు. ఉపసంహరణకు ఫీజు కట్టమని బెదిరిస్తే గైడ్‌కూ పరిశోధన విభాగానికీ రాతపూర్వకంగా తెలియజేయండి. తర్వాత అదే పేపర్ మరోచోట పంపేటప్పుడు ఈ ఉత్తరాలే మీ సాక్ష్యం. మీ వ్యాసాన్ని వేరొకరు నకలు చేశారని ఫిర్యాదు చేయాలంటే, రెండు పాఠాలను పక్కపక్కన పెట్టి, తేదీలతో, నిందావాక్యాలు లేకుండా ఆ జర్నల్ సంపాదకుడికి రాయండి; నకలు చేసినవారు మీ విశ్వవిద్యాలయంలోనివారే అయితే విభాగ స్థాయిలోనూ, దానిపైన సంస్థ స్థాయిలోనూ ఉండే అకడమిక్ ఇంటెగ్రిటీ కమిటీలు ఇందుకే ఉన్నాయి.

అచ్చైన తర్వాత మీ పేపర్‌లోనే తప్పు కనిపిస్తే సంపాదకుడికి మీరే ముందుగా రాయాలి. ఆ ఉత్తరంలో వ్యాసం శీర్షిక, డీఓఐ, పేజీ, తప్పు పడిన వాక్యం లేదా అంకె, దాని స్థానంలో ఉండాల్సినది, ఈ మార్పువల్ల నిర్ధారణ మారుతుందా లేదా అన్న మాట, సహరచయితలందరికీ ఇది తెలుసన్న వాక్యం ఉండాలి. నిర్ధారణ నిలిస్తే జర్నల్ సవరణ ప్రకటన వేస్తుంది. నిలవకపోతే వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటుంది. నిజాయతీగా జరిగిన పొరపాటుకు రచయితలే కోరి వెనక్కి తీసుకున్నప్పుడు ఆ కారణం ప్రకటనలో స్పష్టంగా రాయమని అడిగే హక్కు మీకుంది. ఆ ప్రకటన ప్రతిని థీసిస్‌కూ పదోన్నతి దరఖాస్తుకూ మూల వ్యాసంతో కలిపి జతచేయండి. వ్యాసం ఒక్కటే జతచేస్తే, సవరించిన తప్పును మళ్లీ దాచినట్టవుతుంది.